75వ నంబర్ ట్రామ్‌ని నాక్స్ దాకా పొడిగిస్తే నిజంగా లాభమేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

మెల్‌బోర్న్ తూర్పు శివార్లలో, అంటే వెర్మాంట్ సౌత్, వాంటిర్నా, నాక్స్‌ఫీల్డ్, ఫెర్న్‌ట్రీ గల్లీ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లు నలుగురు కలిస్తే ఈ మాట వస్తుంది. 75వ నంబర్ ట్రామ్ వెర్మాంట్ సౌత్‌లో ఆగిపోతోంది, అక్కడి నుంచి నాక్స్ సిటీ షాపింగ్ సెంటర్ దాకా పట్టాలు వేస్తే రవాణా బాగుపడుతుందా, లేక డబ్బు దండగా? అందరూ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: పొడిగించాలి. కానీ సిటీకి వెళ్లడం కోసం కాదు, మన చుట్టుపక్కల మనం తిరగడం కోసం. ఈ తేడా పట్టుకోకుండా వాదించుకోవడం వల్లే ఈ చర్చ ఏళ్ల తరబడి ఎటూ తేలకుండా నడుస్తోందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అసలు 75 ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుంది? ఇంతవరకూ వచ్చింది ఎలా వచ్చింది?

సిటీకి పడమటి అంచున ఉన్న డాక్‌ల్యాండ్స్ నుంచి ఫ్లిండర్స్ స్ట్రీట్, రిచ్‌మండ్‌లోని బ్రిడ్జ్ రోడ్, క్యాంబర్‌వెల్ జంక్షన్ మీదుగా బర్వుడ్ హైవే ఎక్కి వెర్మాంట్ సౌత్ దాకా వస్తుంది. మొత్తం 23 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. మెల్‌బోర్న్ ట్రామ్ వ్యవస్థ ప్రపంచంలోనే అతి పెద్దది, దాదాపు 250 కిలోమీటర్ల దారి, 1,700కు పైగా స్టాపులు. అందులో బాగా పొడవైన రూట్లలో ఇదొకటి.

ఈ లైను ఒక్కసారిగా రాలేదు. చాలాకాలం వారిగల్ రోడ్ దగ్గరే ఆగేది. 1978లో మిడిల్‌బరో రోడ్ దాకా, 1993లో బ్లాక్‌బర్న్ రోడ్ దాకా, 2005 జులైలో ఇంకో 3 కిలోమీటర్లు వేసి వెర్మాంట్ సౌత్ దాకా తెచ్చారు. అంటే పన్నెండు, పదిహేనేళ్లకోసారి ఒక ముక్క వేస్తూ వచ్చారు. 2005 తర్వాత ఇరవై ఏళ్లు దాటినా ఇంకో ముక్క పడలేదు. మిగిలింది దాదాపు 5 కిలోమీటర్లు. నాక్స్ కౌన్సిల్ (అక్కడి మున్సిపాలిటీ) ఈ ముక్క కావాలని అడుగుతూనే ఉంది.

ట్రామ్ అంటే మన హైదరాబాద్ మెట్రో లాంటిదేగా?

కాదు. ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్లు, చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలు మొదట పొరబడేది ఇక్కడే. హైదరాబాద్ మెట్రో స్తంభాల మీద తన దారిన తను పోతుంది, కింద రోడ్డు మీద ఎంత ట్రాఫిక్ ఉన్నా దానికి సంబంధం లేదు. ట్రామ్ రోడ్డు మీదే నడుస్తుంది. మెల్‌బోర్న్ ట్రామ్ దారుల్లో దాదాపు మూడొంతులు కార్లతో పంచుకునేవే, అందుకే మొత్తం మీద సగటు వేగం గంటకు 16 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది.

అయితే బర్వుడ్ హైవే సంగతి వేరు. వారిగల్ రోడ్ దాటి తూర్పుకి వచ్చాక పట్టాలు రోడ్డు మధ్యలో, కార్లు ఎక్కడానికి వీల్లేని విభాగినిలో (డివైడర్‌లో) ఉంటాయి. అక్కడ ట్రామ్‌ని ఆపేది కార్లు కాదు, సిగ్నళ్లు, స్టాపులు మాత్రమే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కింద చాలా జవాబులు దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

నాక్స్ నుంచి ట్రామ్ ఎక్కితే సిటీకి ఎంతసేపట్లో వెళ్తాం?

వెర్మాంట్ సౌత్ నుంచే గంట దాటుతుంది. నాక్స్ దాకా పొడిగిస్తే దాని మీద ఇంకో 12 నుంచి 19 నిమిషాలు కలపాలి (5 కిలోమీటర్లు గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తే 12 నిమిషాలు, 16తో వెళ్తే 19). సిటీలో ఆఫీసు ఉన్నవాళ్లెవరూ రోజూ అంతసేపు ట్రామ్‌లో కూర్చోరు. బొరోనియా, ఫెర్న్‌ట్రీ గల్లీ, రింగ్‌వుడ్, గ్లెన్ వేవర్లీ స్టేషన్లలో ఏదో ఒకదానికి వెళ్లి ట్రైన్ పట్టుకుంటారు. అది సరైన పని కూడా.

పొడిగింపు వద్దనేవాళ్ల బలమైన వాదన ఇదే. గంటన్నర పట్టే ట్రామ్ ఎవడికి కావాలి అంటారు. సిటీ ప్రయాణం వరకే చూస్తే వాళ్లది నూటికి నూరుపాళ్లు నిజం.

మరి అంత నెమ్మది అయితే ఎందుకు పొడిగించాలి?

ఎందుకంటే మన ప్రయాణాల్లో ఎక్కువ భాగం సిటీకి కాదు. ఒక వారం మీ ఇంట్లో అందరూ ఎక్కడెక్కడికి వెళ్లారో ఆలోచించండి. పిల్లవాడి ట్యూషన్, కూరగాయలు, డాక్టరు, లైబ్రరీ, పార్ట్‌టైమ్ ఉద్యోగం, స్నేహితుల ఇల్లు. ఇవన్నీ పది, పన్నెండు కిలోమీటర్ల లోపల ఉంటాయి. బర్వుడ్ హైవే పొడవునా చూడండి: డీకిన్ యూనివర్సిటీ బర్వుడ్ క్యాంపస్, బర్వుడ్ బ్రిక్‌వర్క్స్ షాపింగ్ సెంటర్, బ్లాక్‌బర్న్ రోడ్ దగ్గర ఇంకో షాపింగ్ సెంటర్, స్ప్రింగ్‌వేల్ రోడ్ దగ్గర టాలీ హో ఆఫీసులు, వెర్మాంట్ సౌత్ షాపులు. ఈ దారి చివర ఉండాల్సిన పెద్ద కేంద్రం నాక్స్. షాపులు, సినిమాలు, హోటళ్లు, స్టడ్ రోడ్ బస్సులు అన్నీ అక్కడ కలుస్తాయి. ట్రామ్ మాత్రం దానికి 5 కిలోమీటర్ల ముందే ఆగిపోతుంది.

ఇద్దరి గురించి నాకు ప్రత్యేకంగా బాధ. ఒకరు డీకిన్‌లో చదివే మన పిల్లలు. నాక్స్ వైపు అద్దె తక్కువకి గది దొరికితే తీసుకుంటారు, సాయంత్రం క్లాసు అయ్యాక షిఫ్టుకి పరిగెత్తాలి, కారు కొనే స్తోమత మొదటి ఏడాది ఉండదు. 75 శుక్ర, శనివారాల్లో రాత్రంతా నడుస్తుంది. రాత్రి షిఫ్టు చేసే పిల్లలకు ఇది ఎంత ధైర్యమో వాళ్లనే అడగండి. ఆ ధైర్యం వెర్మాంట్ సౌత్ దగ్గర ఆగిపోతోంది.

రెండోవాళ్లు ఆరునెలల కోసం వచ్చే అమ్మానాన్నలు. ఊళ్లో ఆటో ఎక్కి ఎక్కడికైనా పోయే మనిషి, పొద్దున్నే గుడికి, సాయంత్రం మార్కెట్‌కి ఒంటరిగా తిరిగే మనిషి, ఇక్కడికి రాగానే కొడుకో కూతురో ఆఫీసు నుంచి వచ్చేదాకా ఇంట్లోంచి కాలు బయటపెట్టలేరు. చాలామంది వీసా గడువు ముగియకముందే వెళ్లిపోతామని పట్టుబట్టడానికి చలి ఒక్కటే కారణం కాదు. పట్టాలు ఎటు పోతాయో కళ్లకు కనిపిస్తుంది కాబట్టి ట్రామ్ అంటే వాళ్లకు బెరుకు తక్కువ. బస్సు ఎటు తిరుగుతుందో, ఎక్కడ బటన్ నొక్కాలో తెలియక ఎక్కడానికే భయపడతారు. రవాణా లెక్కల్లో ఈ ప్రయాణాలకు విలువ కట్టరు. నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ విలువ వీటికే.

సబర్బన్ రైల్ లూప్‌కీ దీనికీ ఏం సంబంధం?

చాలా సంబంధం ఉంది, నా వాదనకు ఆయువుపట్టు ఇదే.

మెల్‌బోర్న్ రైళ్లన్నీ సిటీ నుంచి బయటకు పోయేవే. ఒక శివారు నుంచి పక్క శివారుకి వెళ్లాలంటే ట్రైన్‌లో సిటీ దాకా పోయి తిరిగి రావాలి, లేదా బస్సు, లేదా కారు. దీన్ని మార్చడానికే 2018లో సబర్బన్ రైల్ లూప్ (శివార్లను ఒకదానితో ఒకటి కలిపే రైలు మార్గం) ప్రకటించారు. మొదటి భాగం చెల్టెన్‌హామ్ నుంచి బాక్స్ హిల్ దాకా 26 కిలోమీటర్ల సొరంగం, 6 స్టేషన్లు: చెల్టెన్‌హామ్, క్లేటన్, మోనాష్, గ్లెన్ వేవర్లీ, బర్వుడ్, బాక్స్ హిల్. 2035లో రైళ్లు నడుపుతామన్నది ప్రభుత్వం పెట్టుకున్న గడువు. ఖర్చు విషయంలో రాజకీయంగా పెద్ద గొడవే ఉంది, అందులోకి నేను వెళ్లను.

బర్వుడ్ స్టేషన్ వచ్చేది బర్వుడ్ హైవే మీద, డీకిన్ ఎదురుగా, అంటే 75 ట్రామ్ దారి మీదే. నాక్స్‌లో ట్రామ్ ఎక్కి బర్వుడ్‌లో దిగి లూప్ రైలు పట్టుకుంటే ఒకవైపు బాక్స్ హిల్ ఆసుపత్రులు, ఇంకోవైపు గ్లెన్ వేవర్లీ, మోనాష్ యూనివర్సిటీ, క్లేటన్. ఇవన్నీ ఇప్పుడు నాక్స్ నుంచి కారు లేకుండా వెళ్లడం ఒక పూట పని. రైలు స్టేషన్ ఒక్కటీ లేని వాంటిర్నా సౌత్, నాక్స్‌ఫీల్డ్, రౌవిల్ లాంటి చోట్ల ఉండేవాళ్లకు ఈ కలయిక వల్ల వచ్చే మార్పు మామూలుది కాదు.

నాక్స్ నుంచి బర్వుడ్‌కి 11, 12 కిలోమీటర్లు. ట్రామ్ గంటకు 25 కిలోమీటర్లతో వెళ్తే అరగంట లోపే. ఇప్పటి సగటు 16తోనే ఈడిస్తే ముప్పావు గంట. అరగంట అయితే జనం ఎక్కుతారు, ముప్పావు గంట అయితే కారు తాళాలు తీసుకుంటారు. కాబట్టి పట్టాలు వేయాలా వద్దా అన్నది సగం ప్రశ్నే, ట్రామ్‌ని ఎంత వేగంగా నడుపుతారన్నది మిగతా సగం.

ఇప్పుడు 732 బస్సు ఉందిగా, అది చాలదా?

ఉంది. 2005లో పట్టాలు వెర్మాంట్ సౌత్ దగ్గర ఆపినప్పుడు అక్కడి నుంచి నాక్స్‌కి ఈ బస్సుతో కలిపారు. మైకీ కార్డు మీద రెండు గంటల్లోపు ట్రామ్ దిగి బస్సు ఎక్కితే మళ్లీ చార్జీ పడదు, కాబట్టి డబ్బు సమస్య కాదు.

సమస్య మారడంలో ఉంది. పగలు, ఎండలో, చేతిలో సంచులు లేకపోతే మారడం పెద్ద కష్టం కాదు. జూన్ నెల చలికాలపు రాత్రి, వాన, పక్కన నిద్రపోతున్న పిల్ల, కళ్ల ముందే వెళ్లిపోయిన బస్సు, ఇంకోటి ఎప్పుడొస్తుందో అని ఫోన్ చూసుకుంటూ నిలబడటం, ఇది ఒక్కసారి జరిగితే చాలు, ఆ మనిషి మళ్లీ ఆ దారి పట్టడు. రవాణా ప్లానర్లు కూడా ఎదురుచూసే నిమిషాన్ని ప్రయాణించే నిమిషం కంటే ఎక్కువ బరువుగా లెక్కగడతారు, ఎందుకంటే మనుషులకు అది అలాగే అనిపిస్తుంది.

అయితే బస్సు వైపు న్యాయం కూడా చెప్పాలి. ఈ 5 కిలోమీటర్లలో బస్సుని పొద్దున్నుంచి రాత్రి దాకా పది నిమిషాలకొకటి నడిపి, ట్రామ్ వచ్చే సమయానికి అది అక్కడ నిలబడి ఉండేలా చూస్తే, ట్రామ్ వల్ల వచ్చే లాభంలో పెద్ద భాగం వెంటనే వస్తుంది. దానికి కొత్త పట్టాలక్కర్లేదు, బస్సులు, డ్రైవర్లు చాలు. ట్రామ్ కావాలని అడిగేవాళ్లు ఈ మాట ఒప్పుకోవడానికి ఇష్టపడరు, బస్సు బాగుచేస్తే ట్రామ్ రాదేమోనని భయం. నేనైతే తలకిందులుగా చూస్తాను. మంచి బస్సులో జనం కిక్కిరిస్తే అదే ట్రామ్‌కి సాక్ష్యం. ఖాళీ బస్సు తిరిగే దారిలో ట్రామ్ వేయమని ఏ ముఖం పెట్టుకుని అడుగుతాం?

మధ్యలో ఆ 5 కిలోమీటర్లలో ఏముంది? పట్టాలు వేయడం కష్టమా?

మామూలుగా ట్రామ్ లైనుకి దారి పొడవునా ఇళ్లు, షాపులు ఉండాలి, అప్పుడే ప్రతి స్టాపులో ఎవరో ఒకరు ఎక్కుతారు. ఇక్కడ కొంతదూరం అలా లేదు. వెర్మాంట్ సౌత్ దాటాక హైవే డాండెనాంగ్ క్రీక్ లోయలోకి దిగుతుంది. అటూ ఇటూ చెట్లు, పార్కులు, వరద నీరు నిలిచే నేల. అక్కడ ఇళ్లు రావు, రాకూడదు కూడా. ఆ ముక్క వరకు ట్రామ్ ఎవరినీ ఎక్కించుకోకుండా పోవాల్సిందే. స్టాపులు లేకపోతే వేగంగా పోతుంది, అది ఒక ఊరట.

తర్వాత ఈస్ట్‌లింక్ టోల్ రోడ్డు. 2008లో తెరిచారు. హైవే దాన్ని దాటేచోట కార్లు ఎక్కే దిగే ర్యాంపులు, వాటికి సిగ్నళ్లు, సాయంత్రం వేళ చేంతాడంత క్యూలు. ట్రామ్ ఈ కూడళ్లను దాటాలి. హైవే మధ్యలో విభాగిని వెడల్పుగానే ఉంది కాబట్టి చాలావరకు స్థలం దొరుకుతుంది, కానీ వాగు మీద వంతెన, ఈస్ట్‌లింక్ కూడలి, చివర స్టడ్ రోడ్ కూడలి, ఈ మూడు చోట్లే ఖర్చంతా, ఆలస్యమంతా. నాక్స్ దగ్గర ట్రామ్ హైవే మధ్యలోనే ఆగితే ఆరు లైన్లు దాటి బస్టాండుకి నడవాలి. షాపింగ్ సెంటర్ పక్కకి తిరిగి బస్సుల పక్కనే ఆగాలి. మ్యాపులో చిన్న వంపు, ముసలివాళ్లకు అదే పెద్ద తేడా.

ఎంత ఖర్చవుతుంది?

వేరే ఊళ్లలో ఎంతయిందో చూడండి. కాన్‌బెరాలో గంగాలిన్ నుంచి సిటీకి 12 కిలోమీటర్ల ట్రామ్ లైను 2019 ఏప్రిల్‌లో తెరిచారు, నిర్మాణ ఖర్చు 67.5 కోట్ల డాలర్లు. అదే ఏడాది చివర్లో తెరిచిన సిడ్నీ సిటీ, ఆగ్నేయ శివార్ల లైను 160 కోట్లతో అవుతుందనుకుంటే 290 కోట్లు దాటి తడిసి మోపెడైంది. ఎక్కువగా రోడ్డు కింద ఎవరూ ఊహించని పైపులు, కేబుళ్లు బయటపడటం వల్ల, కాంట్రాక్టు గొడవల వల్ల. గోల్డ్ కోస్ట్‌లో ఎయిర్‌పోర్టు వైపు పొడిగించాల్సిన నాలుగో దశను 2025లో రద్దే చేసేశారు, ఖర్చు అంచనాలు పెరగడం, స్థానికుల్లోనే వ్యతిరేకత రావడం రెండూ కారణాలే.

బర్వుడ్ హైవే, సిడ్నీ లైను పోయే జార్జ్ స్ట్రీట్ లాంటిది కాదు. విభాగిని ఖాళీగా ఉంది, కింద వందేళ్ల నాటి పైపుల చిక్కుముడి అంతగా ఉండదు. కానీ డబ్బంతా పట్టాలకే పోదు. కొత్త ట్రామ్‌లు, వాటిని నిలిపే చోటు, కరెంటు సబ్‌స్టేషన్లు, స్టాపులు, డ్రైవర్ల జీతాలు. రూట్ 5 కిలోమీటర్లు పెరిగితే ఇప్పుడున్నన్ని ట్రామ్‌లతోనే నడిపితే రెండు ట్రామ్‌ల మధ్య వ్యవధి పెరుగుతుంది, అంటే హాథార్న్‌లో, క్యాంబర్‌వెల్‌లో ఎక్కేవాళ్లు కూడా నష్టపోతారు. రిబ్బన్ కత్తిరించే రోజు ఎవరూ అడగని ప్రశ్న ఇదే, కాబట్టి ముందే అడగాలి: ట్రామ్‌లు ఎన్ని కొంటున్నారు?

సిగ్నళ్ల గురించి ఎందుకంత పట్టుదల?

ఎందుకంటే బర్వుడ్ హైవే మీద కార్లు అడ్డం రాకపోయినా ట్రామ్ ఆలస్యమవుతోంది కాబట్టి. ఒక్కో ఎర్ర దీపం దగ్గర నిమిషం, నిమిషంన్నర. ట్రామ్ వస్తోందని సిగ్నల్‌కి తెలిసి పచ్చదీపం కాసేపు నిలపడం, లేదా ముందుగా ఇవ్వడం కొత్త టెక్నాలజీ ఏమీ కాదు. ప్రపంచంలో చాలా నగరాల్లో దశాబ్దాలుగా ఉంది. ఇక్కడ కూడా కొన్ని కూడళ్లలో ఉంది, కానీ అడ్డంగా వచ్చే పెద్ద రోడ్ల దగ్గరికి వచ్చేసరికి కార్లదే పైచేయి. వారిగల్, మిడిల్‌బరో, బ్లాక్‌బర్న్, స్ప్రింగ్‌వేల్ రోడ్ల దగ్గర ట్రామ్‌కి దారిస్తే, ఒక్క మీటరు కొత్త పట్టా వేయకుండానే ఇప్పుడున్న ప్రయాణికులందరికీ సమయం మిగులుతుంది. నన్నడిగితే పొడిగింపు కంటే ముందు జరగాల్సింది ఇది. కార్లు నడిపేవాళ్లు గోల చేస్తారని ప్రభుత్వాలు జంకుతాయి. ఒక ట్రామ్‌లో డెబ్బై మంది, ఎదురుగా ఆగిన కార్లలో ఒక్కొక్కరే, ఎవరి సమయం ఎక్కువో లెక్కేసుకుంటే సరిపోతుంది.

మోకాళ్ల నొప్పులున్న అమ్మ ట్రామ్ ఎక్కగలదా?

ఇప్పుడు 75 మీద తిరిగే పాత ట్రామ్‌లు మెట్లున్నవి. వీల్‌చెయిర్ ఎక్కదు, పిల్లల బండి ఎత్తి పెట్టాలి, మోకాళ్ల నొప్పులవాళ్లకు ప్రతి ఎక్కడం దిగడం నరకమే. కింద నుంచి సమానంగా ఎక్కాలంటే నేల తక్కువగా ఉండే ట్రామ్, ఎత్తైన ప్లాట్‌ఫామ్ ఉన్న స్టాపు, రెండూ ఉండాలి. 2020లో విక్టోరియా ఆడిటర్ జనరల్ ఇచ్చిన నివేదిక ప్రకారం 2018-19లో అలా రెండూ కలిసిన సర్వీసులు 15 శాతమే. దేశ చట్టం ప్రకారం స్టాపులన్నీ 2022 చివరికల్లా అందరికీ అందుబాటులోకి రావాలి, రాలేదు. ట్రామ్‌లకు గడువు 2032.

కొత్త లైను వేస్తే కొత్త స్టాపులు చట్టం ప్రకారమే కట్టాలి కాబట్టి నాక్స్ వైపు బాగానే ఉంటాయి. కానీ నాక్స్‌లో ప్లాట్‌ఫామ్ మీద నుంచి సుఖంగా ఎక్కిన అమ్మ, దిగాల్సిన చోట ప్లాట్‌ఫామ్ లేకపోతే ఏం చేస్తుంది? మొత్తం రూట్ సంగతి చూడకుండా చివరి ముక్క ఒక్కటే బాగుచేస్తే ఉపయోగం సగమే.

పట్టాలు లేని ట్రామ్ అంటున్నారు, అది చవక కదా?

రబ్బరు టైర్ల మీద నడిచే పొడవాటి బ్యాటరీ బస్సు అది. 2023లో పెర్త్ శివారు స్టిర్లింగ్‌లో చైనా నుంచి ఒకటి తెప్పించి నడిపి చూశారు. ఎక్కడా ట్రామ్ లేని ఊరికి ఆలోచించదగ్గదే. ఇక్కడ మాత్రం అర్థం లేదు. వెర్మాంట్ సౌత్‌లో దిగి ఇంకోటి ఎక్కాల్సిందే అయితే, దానికంటే మామూలు బస్సుని ఎక్కువసార్లు నడపడం నయం.

ట్రామ్ వస్తే ఇళ్ల ధరలు పెరుగుతాయా?

పెరగొచ్చు. ఇల్లున్నవాళ్లకు సంతోషం, అద్దెకున్నవాళ్లకు టెన్షన్. అయితే ట్రామ్ పక్కన మూడు, నాలుగు అంతస్తుల అపార్ట్‌మెంట్లు కట్టనివ్వకపోతే ట్రామ్ నిండదు. ట్రామ్ కావాలి, మా వీధి పక్కన అపార్ట్‌మెంట్లు మాత్రం వద్దు అంటే కుదరదు. మన కమ్యూనిటీలో కూడా ఈ రెండు మాటలూ ఒకే నోటి నుంచి వింటున్నాను, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

రౌవిల్ సంగతేంటి? అక్కడికీ ట్రామ్ అన్నారుగా?

అన్నారు. రౌవిల్‌కి రైలు వేయాలని 1969 రవాణా ప్లాన్‌లోనే ఉంది. 2018లో ఒకవైపు కేంద్రం మోనాష్ రైలుకి 47.5 కోట్ల డాలర్లు ఇస్తామంది, రాష్ట్రం కాల్‌ఫీల్డ్ నుంచి చాడ్‌స్టోన్, మోనాష్ మీదుగా రౌవిల్‌కి ట్రామ్ అంటూ ప్లానింగ్‌కి డబ్బు కేటాయించింది. ఇప్పటికీ అక్కడ తిరిగేది బస్సులే. రౌవిల్ జనం ప్రకటనలు నమ్మరంటే తప్పు వాళ్లది కాదు. నాక్స్ ట్రామ్ మీద కూడా అదే అనుమానం ఉండటం సహజం.

మేం తార్నీట్‌లో ఉంటాం. మన తెలుగువాళ్లు ఎక్కువగా పడమటి వైపే కదా, డబ్బు ముందు ఇక్కడ పెట్టాలి కదా?

న్యాయమైన మాట. తార్నీట్, ట్రూగనీనా, పాయింట్ కుక్‌లలో ఇళ్లు లేచినంత వేగంగా రవాణా రాలేదు. తార్నీట్ స్టేషన్ 2015లో తెరిచారు, ఈ రోజుకీ అక్కడ ఆగేవి డీజిల్ రైళ్లే, పొద్దున వేళ ఎక్కడానికి చోటుండదు. అక్కడ కావాల్సింది ట్రామ్ కాదు, కరెంటు రైళ్లు, స్టేషన్‌కి తీసుకెళ్లే బస్సులు. ఒకే ఖజానా కాబట్టి ముందు ఎవరికని అడిగితే నేను తూర్పున ఉండి కూడా పడమటికే చెయ్యెత్తుతాను. కానీ అది తేలేదాకా ఇక్కడ సిగ్నళ్లు మార్చొద్దు, బస్సులు పెంచొద్దు అనడంలో అర్థం లేదు, వాటికయ్యే ఖర్చుతో తార్నీట్‌కి రైలు రాదు.

ట్రామ్ వస్తే రెండో కారు అమ్మేయొచ్చా?

హైవేకి నడిచి వెళ్లేంత దగ్గరగా, అంటే ఏడెనిమిది వందల మీటర్ల లోపల ఇల్లుంటే కొందరికి కుదురుతుంది. లోపలి వీధుల్లో, గుట్ట మీద ఇల్లుంటే కుదరదు. ట్రామ్ స్టాప్ దాకా వచ్చే చిన్న బస్సులు, నీడగా నడిచే దారి, రాత్రి వెలుతురు లేకపోతే కారు అమ్మే ధైర్యం ఎవరికీ రాదు. పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి మూడో కారు కొనకుండా ఆపగలిగితే అదే చాలా పెద్ద లాభం అనుకోండి. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, పెట్రోలు లెక్కేసుకుంటే ఏడాదికి మిగిలే డబ్బు తక్కువేం కాదు.

మనలాంటివాళ్లు ఏం చేయగలం? ఓటు కూడా లేదు.

పౌరసత్వం వచ్చినవాళ్లకు ఓటు తప్పనిసరి, విక్టోరియాలో నాలుగేళ్లకోసారి నవంబర్ చివరి శనివారం రాష్ట్ర ఎన్నికలు. పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) మీద, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు కూడా కౌన్సిల్ అభిప్రాయాలు అడిగినప్పుడు రాయొచ్చు, స్థానిక ఎంపీ ఆఫీసుకి ఈమెయిల్ పంపొచ్చు, వీసా ఏంటని ఎవరూ అడగరు. రాసేటప్పుడు "ట్రామ్ కావాలి" అని ఒక్క ముక్క రాయకండి, అలాంటివి వందలొస్తాయి. మీ ఇల్లు ఏ వీధి దగ్గర, ఎక్కడికి ఏ టైముకి వెళ్లాలి, ఇప్పుడు ఎంతసేపు పడుతోంది, ఎక్కడ ఎంతసేపు నిలబడుతున్నారు, ఇది రాయండి. సాయంత్రం ఏడు దాటాక వెర్మాంట్ సౌత్‌లో బస్సు కోసం ఆగినవాళ్లయితే ఎంతసేపు ఆగారో తప్పకుండా రాయండి. ఇంగ్లిష్‌లో రాయడానికి మొహమాటపడే పెద్దవాళ్ల తరఫున మీరు కూర్చుని రాసిపెట్టండి, వాళ్ల ప్రయాణాలు ఏ సర్వేలోనూ కనిపించడం లేదు. రెండు బస్సుల మధ్య వ్యవధి తగ్గించమని, పెద్ద కూడళ్ల దగ్గర సిగ్నల్ ట్రామ్‌కి ఇవ్వమని, బర్వుడ్ స్టేషన్ డిజైన్‌లో ట్రామ్ స్టాపు రైలు గేటుకి అతి దగ్గరగా పెట్టమని అడగండి. ఆ స్టేషన్ డిజైన్ ఒకసారి ఖరారై కాంక్రీటు పడ్డాక స్టాపుని జరపడం ఎవరి వల్లా కాదు, కాబట్టి ముందు రాయాల్సింది దాని గురించే.